పక్కవాడి బిళ్ల

ఎండాకాలం వస్తే నా రోగుల మందులను నాకంటే వాళ్ల స్నేహితులే ఎక్కువ మారుస్తారు. గుంటూరులో ప్రాక్టీసు పెట్టిన నాటి నుంచీ చూస్తున్నాను. శివరాత్రి దాకా బుద్ధిగా బిళ్లలు వేసుకున్న మనిషి, రోహిణి కార్తె నాటికి వేరే రంగు బిళ్లతో వస్తాడు. ఎవరు రాశారని అడిగితే "రాయలేదండీ, మావాడు వాడుతుంటే బాగుందన్నాడని..." అని నసుగుతాడు. ఆ మావాడు టీకొట్టు దగ్గర రోజూ కలిసేవాడో, సాయంత్రం పార్కు బల్ల మీద పక్కన కూర్చునేవాడో అయి ఉంటాడు.

ఆ కబుర్లు ఎలా సాగుతాయో నాకు తెలుసు. "రెంటచింతలలో ఎంతంట ఇయ్యాల?" అని, ఎండలకు పేరుపడ్డ ఆ ఊరి వేడితో ఒకరు మొదలుపెడతారు. "ఎంతైతే ఏందిరా, ఇక్కడ ఉక్కకే ప్రాణం పోతంది" అంటాడు ఇంకొకాయన. అక్కణ్నుంచి రాత్రి నిద్ర పట్టకపోవడం, ఒంటేలు మంట, పిక్కలు పట్టేయడం, లేవగానే కళ్లు తిరగడం, ఇలా వరసగా వస్తాయి. చివరికి ఎవరో ఒకరు జేబులోంచి బిళ్లల షీటు తీస్తారు.

ఒక రిటైర్డు మాస్టారి సంగతి చెబుతాను. ఆయన బీపీకి నేను రాసిన బిళ్లలో ఒంట్లో నీరు బయటికి పంపే మందు కూడా కలిసి ఉంది. మేలో ఆయనకు మంచం మీంచి లేస్తే తూలు వచ్చేది. బల్ల మీది మిత్రుడు "బీపీ పెరిగుంటదిరా, నాకూ ఇట్టాగే అయితే బిళ్ల పెంచారు, తగ్గింది" అని తన దగ్గరున్నది ఇచ్చాడు. నాలుగు రోజుల తర్వాత మాస్టారు బాత్రూంలో పడ్డారు. నా దగ్గరకు తెచ్చేసరికి బీపీ 84 బై 50. తుంటి ఎముక విరిగింది. బిళ్లలు ఆపి, సెలైన్ పెట్టి, కిడ్నీలు తేరుకున్నాక ఎముకల డాక్టరుకు అప్పగించాం. నడక వచ్చింది గానీ మునుపటి నడక రాలేదు.

కళ్లు తిరిగితే బీపీ పెరిగినట్టేనని మనవాళ్లలో పాతుకుపోయింది. ఎండాకాలంలో చాలాసార్లు జరిగేది దానికి తలకిందులు. వేడి బయటికి పోవడానికి ఒళ్లు చర్మంలోని రక్తనాళాలను తెరుస్తుంది, చెమట పోస్తుంది. రక్తం చర్మం వైపు మళ్లుతుంది, ఉప్పూ నీళ్లూ చెమటలో పోతాయి. నిలబడగానే మెదడుకు అందాల్సిన రక్తం అందదు. దాని మీద బీపీ బిళ్ల, నీరు పోయే బిళ్ల రెండింతలైతే మనిషి పడిపోక ఏమవుతాడు? అరవై దాటాక దాహం కూడా మందగిస్తుంది. నోరెండితే గదా తాగడానికి అని ఊరుకుంటే, నోరెండే వేళకే ఆలస్యమైపోతుంది. వీటికి తోడు మోకాళ్లకని నొప్పి బిళ్ల ఒకటి పడిందంటే, ముందే నీళ్లు కరువైన కిడ్నీకి వచ్చే రక్తం ఇంకా తగ్గుతుంది. బీపీ బిళ్ల, నీరు పోయే బిళ్ల, నొప్పి బిళ్ల: ఈ మూడూ కలిసి మండుటెండల్లో కిడ్నీలను ఎంత తొందరగా దెబ్బతీస్తాయో చూస్తే ఇంకెవరూ షీటు చేతులు మార్చరు.

స్నేహితుడు అబద్ధం చెప్పడు. నన్ను బాధపెట్టేది అదే. అతను చెప్పింది అతని ఒంట్లో నిజంగా జరిగిందే. సూది వేసి డబ్బులు గుంజేవాడి మీదైతే కోప్పడవచ్చు. ప్రేమతో, తనకు పనిచేసిన మందును తోటివాడికి పంచిన మనిషిని ఏమని తిట్టను? అయినా తిడతాను. ఆ ప్రేమ వల్ల పడ్డ మనిషి నా ఎదుట మంచం మీద ఉంటాడు గనక.

ఒకావిడకు నలభై ఎనిమిదేళ్లు. మేడ మీద వడియాలు పెడుతూ మాటల్లో మాటగా "ఎండలకి బీపీ తగ్గిపోద్దంట వదినా, నేను బిళ్ల మానేశా" అన్నదట పక్కింటావిడ. అందులో నిజముంది. వేసవిలో బీపీ కొంత తగ్గుతుంది, కొందరికి మోతాదు నేనే తగ్గిస్తాను. కానీ ఆ మాట విని ఈవిడ కూడా మానేసింది, ఈవిడ వాడుతున్నది ఉన్నట్టుండి ఆపితే బీపీని ఎగదన్నే రకం మందు. వారం తిరక్కుండా కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. పక్కింటావిడ ఆస్పత్రి వరండాలో కూర్చుని ఏడ్చింది. ఆమెను నేను ఏమీ అనలేదు. బీపీ ఎంత తగ్గిందో ఒక్కసారి చూపించుకుని ఉంటే సరిపోయేది. మా దగ్గర ఆ పనికి రెండు నిమిషాలు పడుతుంది.

కొబ్బరిబోండాల మాట కూడా చెప్పాలి. ఎండకు అంతకంటే చల్లనిది లేదంటారు, ఆరోగ్యవంతుడికి మంచిదే. కిడ్నీ చెడిన మనిషికి మాత్రం అందులోని పొటాషియం బయటికి పోయే దారి ఉండదు. మిత్రులు పోటీపడి కొనిచ్చిన బోండాలు రోజూ తాగిన ఒకాయన నాడి నిమిషానికి 38కి పడిపోయి వచ్చాడు. కాల్షియం ఇంజెక్షన్, ఇన్సులిన్, రాత్రికి రాత్రి డయాలసిస్. బతికాడు. షుగరున్నవాళ్లకు ఓఆర్ఎస్ అని రాసి ఉన్న తీపి డబ్బాలు తెచ్చిచ్చేవాళ్లూ ఉండేవారు. వాటి మీద ఆ పేరు వాడకూడదని హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు తీసేయమని ఆదేశించింది. అసలైన ఓఆర్ఎస్ పొడి లీటరు నీళ్లలో కలిపితే గ్లూకోజు పదమూడున్నర గ్రాములే ఉంటుంది. ప్యాకెట్టు మీద చదువుకోండి. అది కూడా చెమటోడ్చి పనిచేసేవాళ్లకూ విరేచనాలవుతున్నవాళ్లకూ గానీ, ఏసీ గదిలో కూర్చున్న బీపీ మనిషికి కాదు.

ఇంత చెప్పి, అసలు స్నేహితుల మాటే వినకండని అనను. అనలేను. మిర్చియార్డు హమాలీ ఒకతను నాకు కళ్లెదుటే ఉన్నాడు.

ఏప్రిల్ చివర్లో, సీజను ముగిసేలోపు సరుకు దించాలనే హడావుడిలో, మధ్యాహ్నం రెండింటికి మిర్చి టిక్కీలు (బస్తాలు) మోస్తూ అతను సంబంధం లేని మాటలు మాట్లాడడం మొదలుపెట్టాడు. పక్కనే మోస్తున్నవాడు అది గమనించాడు. "ఏందిరా ఏదోగా మాట్లాడతన్నావు?" అంటుండగానే అతను కూలిపోయాడు. ముఠామేస్త్రి "ముందు తడపండ్రా, తర్వాతే ఆటో" అని అరిచాడట. చొక్కా విప్పేశారు, నీడలోకి లాగారు, కుళాయి దగ్గర బిందెలు నింపి తల నుంచి కాళ్ల దాకా పోశారు, అట్టముక్కలతో విసిరారు. సోడాబండి దగ్గర ఐసు అడిగి చంకల్లో, గజ్జల్లో పెట్టారు. స్పృహలో లేడని నోట్లో చుక్క పోయలేదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రమాదం. ఆటోలో కూడా తడిగోతాం కప్పి, విసురుతూనే తెచ్చారు. నేను చూసేసరికి ఒళ్లు 103 డిగ్రీలు. మర్నాటికి లేచి కూర్చున్నాడు.

అదే నెలలో ఒక తాపీ కూలీని తెచ్చారు, ముప్పై ఏళ్లుండవు. పడిపోగానే దగ్గర్లో సూది వేసే మనిషి దగ్గరకు తీసుకెళితే, జ్వరమని జ్వరం ఇంజెక్షన్ చేసి, సీసా ఎక్కించి రెండు గంటలు పడుకోబెట్టాడు. జ్వరంలో మెదడే ఒంటి వేడిని పెంచమంటుంది, జ్వరం మందు ఆ ఆజ్ఞను ఆపుతుంది. వడదెబ్బలో మెదడు అలా ఏమీ అడగలేదు. బయటి వేడి, పని వేడి కలిసి ఒంటిని 104 దాటించాయి. ఆ మందుకు అక్కడ పనే లేదు, వేడికి నలిగిన కాలేయానికి పైగా భారం. నా దగ్గరకు వచ్చేటప్పటికి 107. చల్లబరిచాం, వెంటిలేటరు పెట్టాం. నాలుగో రోజు పోయాడు. వెంట వచ్చిన కుర్రాడు "వెంటనే సూది చేయించాం గదండీ" అని అడుగుతూనే ఉన్నాడు. ఒక బకెట్టు నీళ్లు పోసి ఉంటే అని అతనికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. మీకు మాత్రం చెబుతున్నాను.

2003లోనూ 2015లోనూ మన తెలుగు నేల మీద వడగాడ్పులకు వెయ్యిమందికి పైగా పోయారు. మైదానాల్లో 40, తీరంలో 37 డిగ్రీలకు చేరితే వడగాడ్పుల లెక్కలోకి తీసుకోవచ్చని వాతావరణశాఖ అంటుంది. తీరానికి తక్కువ పెట్టింది ఊరికే కాదు. గాలిలో తేమ ఉంటే చెమట కారుతుంది గానీ ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. రెంటచింతలతో పోల్చుకుని మనకు నయమే అనుకోవద్దని అందుకే అంటాను.

ఈ మధ్య మార్చి వస్తే పెద్దవయసు రోగులను ఒక మాట అడుగుతున్నాను: సాయంత్రాలు ఎవరితో కూర్చుంటారు? ఈసారి ఆయన్నీ తీసుకురండి. మొన్న గుండె బలహీనంగా ఉన్న ఒక పెద్దాయన అలా మిత్రుణ్ని వెంటబెట్టుకొచ్చాడు. నీళ్లు రోజుకు లీటరున్నర మించకూడదని నేను కట్టడి చేసిన మనిషి. వేసవిలో ఆ లెక్కను కాస్త సడలించాలా, నీరు పోయే బిళ్ల తగ్గించాలా అని బరువు చూసి తేల్చాలి. నీళ్లు సరిగ్గా తాగుతున్నారా అంటే "ఆఁ, తాగుతున్నానండీ" అన్నాడు. పక్కనున్న ఆయన ఊరుకోలేదు. "ఎక్కడ తాగుతున్నాడండీ? రాత్రి నాలుగుసార్లు లేవాల్సొస్తదని మధ్యాహ్నం నుంచే మానేస్తాడు. మీకు చెప్పొద్దన్నాడు." ఏళ్లుగా నా దగ్గరకు వస్తున్న మనిషి నాకు చెప్పని మాట అది. బిళ్ల మోతాదు తగ్గించి పొద్దుటికి మార్చాను, నీళ్లు సాయంత్రం ఆరులోపు ముగించమన్నాను, రోజూ బరువు చూసి రాయమన్నాను. మిత్రుడికి పని అప్పగించాను: లేచి నిలబడితే తూలినా, మాట తేడాగా ఉన్నా, రాత్రి పడుకుంటే ఆయాసం వచ్చిందన్నా నాకు ఫోను చేయాలి. ఆయన తలూపి, జేబులోంచి తన బిళ్లలు తీసి బల్ల మీద పెట్టి, "మరి ఇవి ఎండాకాలం నాకు సరిపోతాయో లేదో చూడండి" అన్నాడు. వాటిలో రోజుకు రెండుసార్లు వేసుకుంటున్న నొప్పి బిళ్ల ఉంది. కిడ్నీ పరీక్షకు రాసి, ఆ బిళ్ల ఆపించాను.