నేలబడిన ముద్ద

వడ్డనలో ముద్ద నేలబడుట యెల్ల యిండ్లను కలదు. దానిని భర్తకుగాని బిడ్డకుగాని పెట్టము. పారవేయ మనసొప్పక మనమే నోట వేసికొందుము. అన్నమును నిందింపరాదని తైత్తిరీయోపనిషత్తు బోధించుచున్నది గదా!

అయిదు లెక్కించులోపల తీసినచో దోషము లేదని కొందరందురు. 2016లో అమెరికాయందలి రట్గర్స్ విశ్వవిద్యాలయమువారు పుచ్చకాయ, రొట్టె మున్నగువానిని సూక్ష్మజీవులు పూసిన ఉక్కు, పింగాణి, చెక్క, తివాచీలపై వేసి పరీక్షించిరి. జాగు పెరిగినకొలది క్రిములు హెచ్చుట నిజమే. కాని సెకనైన గడవకమున్నే యవి యంటుట కనబడెను. తడిగల పుచ్చకాయకు మిక్కుటముగా నంటెను. మన యన్నమును తడిపదార్థమే.

నేలబడినది తిన్న ప్రతిమారును జబ్బు చేయదు. అయినను చెప్పులు, పిల్లి, పసిబిడ్డల మలము తగిలిన నేలయు కంటికి శుభ్రముగనే తోచును. తొక్క యొలువని పండును కడిగి తినవచ్చును. అన్నము, కూర, కోసిన పండు తినరాదనియే మాకు తోచుచున్నది. వానిని కాకికో పశువునకో వేసినచో అన్నమున కగౌరవము లేదు. బిడ్డకు తగని ముద్ద తల్లికెట్లు తగును? ఆమె మంచమెక్కిన నాడు పొయ్యి రాజవేయువారెవరు?

ఇకనైనను సోదరీమణులు పడిన ముద్దను పశువునకు వేసి, తమ విస్తరిలో మంచి యన్నమునే వడ్డించుకొందురుగాక!