అడుసు తొక్కిన కాళ్ళు

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అనే సామెతని క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. బురదలో దిగడమా మానడమా అనేది తన చేతిలో ఉన్నవాడి సామెత అది. తెలుగులో పీహెచ్‌డీ చేసినదాన్ని, ఈ వేసవి దాకా నాకా సంగతి తట్టలేదు.

మాది నెల్లూరు జిల్లాలో సముద్రానికి దగ్గరి ఊరు. కాలనీ ఇల్లు. ఉప్పుగాలికి స్లాబులో కమ్మీలు తుప్పుపట్టి ఉబ్బి, పెచ్చులు ఊడి పడతా ఉన్నాయి. అమ్మ మంచాన్ని ఏడాదిలో మూడు చోట్లకి మార్చాం. ఇంకో గది వెయ్యాలి. ఇనుము లేని గోడ కడదాం అని నాకు అనిపించింది.

అందుకే దిమ్మిస గోడ నేర్చుకున్నాను. రామ్డ్ ఎర్త్ అంటారు. రెండు పలకల మధ్య తేమగా ఉన్న మట్టిని 15 సెంటీమీటర్ల మందాన పోసి, అది 10కి దిగేదాకా దిమ్మిసతో కొట్టి, దానిమీద ఇంకో పొర పొయ్యాలి. చైనా గోడలో కొన్ని భాగాలు, లడఖ్‌లో బాస్గో కోట ఇలా కట్టినవే. ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మట్టిలో నూటికి అయిదు పాళ్ళు సిమెంటు కలిపే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. నేను వేరే చోట, ఫీజు కట్టి, వారం రోజులు నేర్చుకున్నాను. నేర్పినవాళ్ళు మంచివాళ్ళే. మొదటిరోజు అందరం బురదలో కాళ్ళు పెట్టి ఫోటోలు దిగాం. ఆ ఫోటో చూసి అమ్మ, "దీనికి డబ్బులు కట్టి పొయ్యావా పాపా?" అంది.

అమ్మ పెళ్ళికి ముందు నుంచీ అడుసు తొక్కింది. మట్టి తవ్వి, నీళ్ళు పోసి రాత్రంతా నాననిచ్చి, తెల్లారి వరిగడ్డి వేసి తొక్కాలి. ముద్దలు అందిస్తే గోడ మీద ఉన్నవాళ్ళు మూరెడు ఎత్తు వరస పెడతారు. అది ఆరాక ఇంకో వరస. ఊళ్ళో ఒక ఆసామి ఇంటికి మా అమ్మా, మా అవ్వా నెలంతా తొక్కారు. గోడలు లేచి, గడప పెట్టిన రోజు నుంచి వాళ్ళు ఆ ఇంటి లోపలికి పోలేదు. తాము పెట్టిన గోడకి లోపలి వైపు ఎట్టుంటుందో అమ్మ మళ్ళీ చూడలేదు.

1989 నవంబరులో కావలి దగ్గర తుపాను తీరం దాటింది. నేనప్పుడు చంటిపిల్లని. మా మట్టిగోడ తడిసి కూలింది. అమ్మ నన్ను చంకన వేసుకుని బయటపడింది. ఆసామి ఇంటిదీ మట్టిగోడే, అది నిలబడింది. అమ్మకి మట్టి మీద నమ్మకం పోయింది అక్కడే. కానీ ఆ ఇంటికి రాతి పునాది ఉంది, చూరు మూరెడు బయటికి ఉంది, అన్నిటికంటే ముందు అది మెరక మీద ఉంది. మావాళ్ళకి ఊరు వదిలిపెట్టిన చోటు పల్లం. మట్టి ఒకటే, నేల వేరు. ఇదంతా వివరంగా చెప్పాను. అమ్మ విని, "అయితే మెరక కొను, అప్పుడు చూద్దాం" అంది.

అయినా పెరట్లో నడుమెత్తు గోడ ఒకటి కట్టి చూపిస్తానన్నాను. కాలవ పక్క నుంచి ట్రాక్టరు మట్టి తోలించాను. సీసాలో నీళ్ళు పోసి కలిపి చూశాను: ఇసక అడుగున, బంక పైన, పాళ్ళు సరిపోయాయి. గుప్పెట్లో నొక్కి ముద్ద చేసి నడుమెత్తు నుంచి వదిలాను, నాలుగు ముక్కలైంది. అన్నీ పుస్తకంలో ఉన్నట్టే. అమ్మ వచ్చి చిటికెడు తీసి నాలిక మీద వేసుకుని తుపుక్కున ఊసింది. "ఉప్పుండాది. నిలవదు."

నేను వినలేదు. అయిదు పాళ్ళు సిమెంటు కలిపాను గదా అనుకున్నాను. రెండు వానలు పడి ఎండ కాసేసరికి గోడ అడుగున తెల్లగా పూసింది. వేలు పెడితే జానెడెత్తు దాకా పొడిపొడిగా రాలింది. నాకు శిక్షణ ఇచ్చినవాళ్ళ ఊళ్ళో సముద్రం లేదు, నాలిక పరీక్ష వాళ్ళకి అక్కర్లేదు. నాకు అక్కర ఉంది. ఆ పరీక్ష నేర్పగలిగిన మనిషి నా ఇంట్లోనే ఉంది, నేను మాత్రం ఆమెకి సీసా చూపించి వివరిస్తా ఉన్నాను.

పోయిన ఆదివారం గూడూరు వైపు నుంచి ఎర్రమన్ను వచ్చింది. ముందు అమ్మ రుచి చూసింది, తర్వాత నేను. పలకలు బిగించి మొదటి పొర కొడుతుంటే, నేను కొట్టే తీరు చూడలేక చెప్పులు విప్పి వచ్చి దిమ్మిస లాక్కుంది.

"ఆ బడికి ఎంత కట్టావు?"

చెప్పాను.

"నాకు కూలెంతో ముందు తేల్చు" అంది. దిమ్మిస ఇంకా ఎత్తలేదు.