కనెక్షన్ ఎక్కడ తెగింది?

"నెట్ పోయింది" అనేసి కంప్యూటర్ ముందు నుంచి లేచిపోవడం మనందరికీ అలవాటే. కానీ ఒకరి మజూరీ లెక్క ఆ నెట్ మీద ఆధారపడి ఉన్నప్పుడు అలా లేచిపోవడం కుదరదు. ఈ సంగతి నాకు పీజీ ప్రాజెక్టు నేర్పింది.

మా బండారులంక చేనేతకు పేరున్న ఊరు. నేతపనివారు ఏ రోజు ఎంత నేశారో ఇంటి నుంచే సర్వర్‌కు పంపే చిన్న క్లయింట్ ప్రోగ్రాంను మా ముందు బ్యాచ్ వారు రాశారు. దానిని సరిచేసే పని మాకు వచ్చింది. వెంటవెంటనే లెక్కలు పంపితే బాగానే పనిచేసేది. కొంతసేపు ఖాళీగా ఉంచి పంపితే మాత్రం లెక్క చేరేది కాదు. మళ్లీ పంపితే ఒక్కోసారి రెండుసార్లు నమోదయ్యేది. తక్కువ పడితే నేసినవారికి నష్టం, ఎక్కువ పడితే వారి మీద అనుమానం.

"పల్లెటూరి సిగ్నల్ అంతే" అన్నారు చాలామంది. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో కొన్ని రోజులు మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. అప్పుడు కారణం అందరికీ తెలుసు. ఇక్కడ మాత్రం సిగ్నల్ నిండుగా ఉంది, కనెక్షన్ మాత్రం లేదు. మగ్గం మీద పోగు తెగితే నేతగాడు ముందు ఎక్కడ తెగిందో చూస్తాడు, తర్వాతే ముడి వేస్తాడు. మేమూ అదే చేశాం.

రెండు కంప్యూటర్ల మధ్య సమాచారాన్ని వరుస తప్పకుండా చేర్చే నియమాలనే టీసీపీ అంటారు. 1981లో ఆర్‌ఎఫ్‌సీ 793గా వచ్చిన ఈ ప్రమాణాన్ని 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9293గా తిరగరాశారు. టీసీపీ కనెక్షన్ మూడు రకాలుగా ముగుస్తుంది. ఒకటి 'ఫిన్': "నేను చెప్పాల్సింది అయిపోయింది" అని మర్యాదగా సెలవు తీసుకోవడం. రెండు 'రీసెట్': ఉన్నట్టుండి తలుపు వేసేయడం. మూడోది మౌనం: ఎవరూ ఏమీ చెప్పరు, అయినా దారి మూసుకుపోతుంది.

క్లయింట్ వైపు, సర్వర్ వైపు రెండుచోట్లా వైర్‌షార్క్ పెట్టి చూశాం. క్లయింట్ ఒకే ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతోంది. సర్వర్‌కు ఒక్కటీ రావడం లేదు. ఫిన్ లేదు, రీసెట్ లేదు. అంటే తెగింది మధ్యలో!

మొబైల్ నెట్‌వర్క్‌లో చాలా ఫోన్లు ఒకే బయటి అడ్రసును పంచుకుంటాయి. ఏ కనెక్షన్ ఎవరిదో మధ్యలోని 'నాట్' యంత్రం ఒక పట్టికలో రాసుకుంటుంది. కొంతసేపు కదలిక లేకపోతే ఆ వరుస చెరిపేస్తుంది. కనీసం 2 గంటల 4 నిమిషాలు ఉంచాలని 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5382 చెబుతున్నా, అంతకు ముందే చెరిపేసే నెట్‌వర్కులు చాలా ఉన్నాయి. టీసీపీకి 'కీప్ అలైవ్' అనే పలకరింపు ఉంది గానీ, ప్రోగ్రాం అడిగితేనే అది పనిచేస్తుంది. పైగా లైనక్స్‌లో మామూలుగా మొదటి పలకరింపు 7200 సెకన్ల తర్వాతే!

అందుకే నిమిషానికోసారి క్లయింటే సర్వర్‌ను పలకరించేలా మార్చాం. ప్రోగ్రాంలో 'సెండ్' సఫలమైందంటే సమాచారం మన కంప్యూటర్ బఫర్‌లో పడిందని మాత్రమే అర్థం, అవతల చేరిందని కాదు. కాబట్టి సర్వర్ "అందింది" అని జవాబిచ్చేదాకా లెక్కను క్లయింట్ దాచుకుంటుంది. లెక్క చేరి, జవాబు మాత్రం దారిలో పోతే? ప్రతి లెక్కకూ ఒక నంబరు ఇచ్చాం. అదే నంబరు మళ్లీ వస్తే సర్వర్ రెండోసారి నమోదు చేయదు. ఆ తర్వాత లెక్కలు కుదిరాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మనలో చాలామందికి ఇలాంటివి అడగడానికి ఇంట్లో చదువుకున్నవారు లేరు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. కానీ వైర్‌షార్క్ ఉచితం, ఆర్‌ఎఫ్‌సీ పత్రాలు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. మన ఊరిని, మన సిగ్నల్‌ను ఎవరైనా తేలిగ్గా తప్పుపట్టినప్పుడు తల వంచుకోకండి. రెండు వైపులా చూసి, రుజువు చూపించండి.