సముద్రానికి హద్దు చెప్పే తీగ

జరీకి, వజ్రాల సానకు పేరొందిన సూరత్ నగరానికి నైరుతి దిశగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, అరేబియా సముద్రపుటొడ్డున డుమస్ గ్రామం ఉన్నది. సెలవు దినాలలో నగరవాసులు అక్కడికి తండోపతండాలుగా వస్తారు. నల్లని ఇసుకలో నడిచి, వేడివేడి టమాటా బజ్జీలు తిని, సూర్యాస్తమయం చూసి మరలిపోతారు. తీరాన ఇసుకను నిలిపి ఉంచే మొక్కను గమనించేవారు మాత్రం అరుదు.

సూరత్ ప్రాంతపు ఇసుక తీరాలలో, పోటునీరు చేరని ఎత్తున, ఒక తీగ నేలబారుగా పాకుతూ ఉంటుంది. ఆకు మేక గిట్టవలె నడుమ చీలి ఉంటుంది. పువ్వు ఊదా కలిసిన గులాబీ రంగు గరాటు. 1753లో లిన్నేయస్ దీనికి పెట్టిన ‘పెస్ కాప్రే’ అనే లాటిన్ పేరుకు కూడా మేక పాదమనే అర్థం. గుజరాతీలు దీనిని ‘మర్యాద వేల్’ అంటారు. వేల్ అంటే తీగ. మర్యాద అనే మాటను నేడు మనం గౌరవమనే అర్థంలో వాడుతున్నా, కావ్యభాషలో దానికి హద్దు అనే అర్థమూ ఉన్నది. సముద్రం దాటరాని హద్దును చూపే తీగ అని ఆ పేరులోని భావం. ఆంధ్ర తీరంలో ఇదే బాలబందితీగ.

చలిదేశాల తోటమాలులు ఖాళీ నేలను కప్పడానికి జెరేనియం వంటి బహువార్షిక మొక్కలను పెంచుతారు. సూరత్ ఎండకు, ఉప్పుగాలికి అవి తాళలేవు. ఇక్కడ ఆ పనిని ప్రకృతి ఈ తీగకు అప్పగించింది. దీని కణుపుల నుండి వేళ్లు దిగుతాయి. గాలికి ఎగిరే ఇసుక ఆకులకు, కాడలకు తగిలి ఆగిపోతుంది. ఇసుక కప్పివేసిన కొద్దీ తీగ పైకి లేచి మళ్లీ పాకుతుంది. ఈ విధంగా ఇసుక తిన్నె పెరుగుతుంది. గింజలు ఉప్పునీటిపై నెలల తరబడి తేలి, దూరపు ఒడ్డున పడినా మొలకెత్తగలవు.

ఖంభాత్ సింధుశాఖలో ఆటుపోట్ల అంతరం దేశంలోకెల్లా ఎక్కువ. అటువంటి తీరానికి తిన్నెలే కాపుగోడలు. అయితే ఉప్పునీటిని తట్టుకొనే ఈ తీగ బండిచక్రాన్ని తట్టుకోలేదు. కాడలు నలిగి వేళ్లు ఊడితే ఇసుక తిరిగి గాలిపాలవుతుంది. పిచ్చితీగ అని పెరికివేసి బల్లలు వేయడం వలన కలిగే నష్టమూ తక్కువ కాదు. తీరప్రాంత నియంత్రణకై కేంద్ర ప్రభుత్వం 1991లో వెలువరించిన ప్రకటన, అలంకరణకో వినోదానికో ఇసుక తిన్నెల రూపు మార్చడాన్ని నిషేధించింది. 2011 నాటి ప్రకటనలోనూ ఆ నిషేధం కొనసాగింది.

తెగిన తీగను తిరిగి పెంచడం కష్టమైన పని కాదు. కొన్ని కణుపులున్న కాడను వానల ఆరంభంలో ఇసుకలో పాతి, అది వేరూనేవరకు ఎవరూ తొక్కకుండా చూడాలి. ఆపైన నీరు పోయనక్కరలేదు, ఎరువు వేయనక్కరలేదు. నడిచేవారు ఒక అడుగు పక్కకు వేయడమే అది మన నుండి కోరే మర్యాద.