పిన్ను పట్టింది కదా

ఖమ్మంలో మా ఇంట్లో టీవీ బల్ల కింద ఒక చెప్పుల డబ్బా ఉంటుంది. అందులో చెప్పులుండవు. ఎప్పుడో మూలపడ్డ మోడెమ్‌లవీ, పాత ఫోన్లవీ, దేనితో వచ్చాయో ఎవరికీ గుర్తులేనివీ నల్లటి అడాప్టర్లు వైర్లు పెనవేసుకుని పడుంటాయి. పారేయడానికి మనసొప్పదు. ఎప్పుడైనా పనికొస్తాయని.

అమ్మ టీచరుగా రిటైరయ్యాక సంగీతం మొదలుపెట్టింది. అరవై దాటాక, మాయామాళవగౌళలో సరళీ స్వరాలు. శ్రుతి కోసం నేనే ఒక సెకండ్ హ్యాండ్ కీబోర్డు కొనిచ్చాను. పొద్దున్నే కాఫీ తాగి ఓ అరగంట దాని ముందు కూర్చునేది.

పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు వైఫై రూటర్ మార్చాను. మర్నాడు పొద్దున్న పక్కగదిలోంచి కాలిన వాసన. వెళ్ళి చూస్తే అమ్మ కీబోర్డు ముందు కదలకుండా కూర్చునుంది, అడాప్టర్ పిన్ను చేతిలోనే ఉంది.

"పట్టింది కదరా, అందుకే పెట్టాను."

"పట్టినంత మాత్రాన పెట్టేస్తావా? చూసుకోవద్దూ?"

గొంతు కాస్త పెద్దగానే వచ్చింది. అమ్మ ఏమీ అనలేదు. కీబోర్డునీ ఆ అడాప్టర్‌నీ సంచిలో సర్ది నా బ్యాగు పక్కన పెట్టింది. "తీసుకెళ్ళిపో. నాకెందుకులే ఇవన్నీ."

హైదరాబాద్ వచ్చాక కోఠి గుజరాతీ గల్లీకి పట్టుకెళ్ళాను. మెకానిక్ నాలుగు స్క్రూలు తీసి, మల్టీమీటర్ ముల్లులు రెండూ లోపల పెట్టాడు. కుయ్యిమంది. ప్లస్సూ మైనస్సూ ఒకే వైరయి కూర్చున్నాయన్నమాట. బియ్యపుగింజకన్నా కొంచెం పెద్దది, నల్లగా, ఒక చివర వెండి గీతతో ఉన్నదాన్ని చూపించాడు. డయోడ్.

"ఇది వాచ్‌మన్ సార్. కరెంటు ఉల్టా వస్తే తన మీదేసుకుంటది. ఇది పోయింది, వెనకున్న ఐసీలు బతికినయి."

అప్పుడు రెండు అడాప్టర్ల సంగతి చెప్పాడు. కీబోర్డుకి కావాల్సింది 9 వోల్టులు. మేం పెట్టింది 12. అంతకన్నా పెద్ద తేడా ఇంకోటుంది. అడాప్టర్ మీద చిన్న బొమ్మ ఉంటుంది: మధ్యలో చుక్క, చుట్టూ తెగిన సున్నా, అటోకటి ఇటోకటి ప్లస్, మైనస్. కీబోర్డు వెనక ఉన్న బొమ్మలో మధ్య చుక్క మైనస్. ఈ అడాప్టర్ మీద ప్లస్. బయటికి చూస్తే పిన్నులన్నీ ఒక్కటే.

"వోల్టులు సమానం ఉండాలె. ఆంపియర్లు ఎక్కువున్నా పర్లేదు, తక్కువుండొద్దు. ఈ బొమ్మ కలవాలె. ఇంతకీ ఇది ఎక్కడిది సార్?"

తిప్పి చూశాను. పాత రూటర్‌ది.

అప్పుడు గుర్తొచ్చింది. కొత్త రూటర్‌కి ప్లగ్గు ఖాళీ లేక, కీబోర్డు అడాప్టర్ పీకి చెప్పుల డబ్బాలో పడేసింది నేనే. తర్వాత పాత రూటర్‌ది తీసి, పక్కనే ఖాళీ అయిన ఆ ప్లగ్గులో గుచ్చి వదిలేసిందీ నేనే. అమ్మ రోజూ ఏ ప్లగ్గు నుంచి వేలాడే వైరుని పట్టుకుంటుందో ఆ రోజూ దాన్నే పట్టుకుంది. మిల్లీమీటరు అక్షరాల్లో ఉన్న ఆ బొమ్మని నేను కూడా అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

అతను పోయిన డయోడ్ ఊడదీసి, కొత్త 4007 టంకం పెట్టాడు. పది నిమిషాలు. "డయోడు రెండు రూపాయలు, నా చెయ్యి మూడొందలు."

ఆ వారమే ఖమ్మం వెళ్ళాను. అమ్మ పప్పు తాలింపు వేస్తోంది.

"ఆ రోజు అడాప్టర్ మార్చింది నేనేనమ్మా."

తాలింపు చిటపటలు తగ్గేదాకా ఆగి, "మరి నా మీద ఎందుకు అరిచావు?" అంది.

జవాబు లేదు. చెప్పుల డబ్బా కింద బోర్లించి, ఒక్కో అడాప్టర్‌కీ తెల్ల టేపు చుట్టాను. పేర్లు అమ్మే రాసింది, నల్లబల్ల మీద రాసినట్టు గుండ్రంగా: కీబోర్డు. రూటర్. తెలియదు. తెలియదు. తెలియదు.

కీబోర్డు మళ్ళీ మోగుతోంది. కానీ పిన్ను పెట్టేముందు అమ్మ వీడియో కాల్ చేస్తుంది. టేపు మీద తన అక్షరాలే కెమెరాకి దగ్గరగా పెట్టి, "ఇదేనా?" అంటుంది.

"అదేనమ్మా."

రోజూ అడుగుతోంది. రోజూ చెప్తున్నాను.