చెవిటివాడూ, శంఖమూ

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, “దీన్ని కొరకడం నీ తాతవల్ల కూడా కాదు” అన్నాడట. ఈ సామెత విన్నప్పుడల్లా అందరితోపాటు నేనూ నవ్వేవాణ్ణి. అర్థమైనా కాకపోయినా పదిమందితో కలిసి నవ్వెయ్యడం చెవిటివాడికి మొదట అబ్బే విద్య.

మాది లాల్‌దర్వాజా. లాడ్‌బజారులో ఒక గాజుల దుకాణంలో లెక్కలు రాస్తాను. చిన్నప్పటినుంచీ నాకు రెండు చెవులూ కారేవి. కర్ణభేరులకు చిల్లులు పడ్డాయి. నూనెలూ అయ్యాయి, ఆపరేషన్లూ అయ్యాయి. చెవిలో పెట్టుకునే మిషను కొన్నాను గాని, దాంతో చెవి మూసుకుపోయి, గాలాడక మళ్ళీ చీము. వారం పెట్టుకుంటే నెల్లాళ్ళు తీసెయ్యాలి. బేరంలో “పచీస్” అంటే “పచాస్” అని రాసి సేఠ్‌చేత తిన్న చీవాట్లకు లెక్కలేదు. చిత్రమేమిటంటే, చీవాట్లు మాత్రం బాగానే వినిపించేవి!

చివరికి నయాపూల్ దాటి కోఠీలోని ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరుగారు శ్రుతిదండాన్ని మోగించి చెవి ముందు పెట్టారు. ఏదో ఉన్నట్టూ లేనట్టూ ఉంది. తరవాత దాని కాడను చెవి వెనక ఎముకకు ఆనించారు. అమ్మయ్యో! తలలో గుడిగంట మోగింది.

“మీ లోపలి చెవి బాగానే ఉందండీ. వీధి గుమ్మమే పాడైంది. ఎముక దొడ్డిదారి” అన్నారాయన.

అప్పుడు తట్టింది. ఆ సామెతలోవాడిది నాలాంటి చెముడే అయి, మోగే శంఖానికి నిజంగానే పళ్ళు ఆనించి ఉంటే, వాడికి హాయిగా వినిపించి ఉండేది!

ఈ దొడ్డిదారికి స్వీడన్‌లో తలుపు తీశారట. ఎముకలో అమర్చిన టైటానియాన్ని ఎముక తనలో కలిపేసుకుంటుందని 1950లలో బ్రోనెమార్క్ అనే ఆయన కుందేళ్ళలో గమనించారు. 1977లో గోథెన్‌బర్గ్‌లో తొలిసారి మనుషులకు చెవి వెనక అలాంటి మర బిగించి, దానికి వినికిడి యంత్రం తగిలించారు. మర పొడవు 4 మిల్లీమీటర్లకు మించదు.

“పుర్రెకు మరా?” అని మా ఆవిడ సింహవాహిని అమ్మవారికి మొక్కుకుంది. ఖరీదు వింటే ఉన్న కాస్త చెవీ మూతబడేలా ఉంది. సేఠే అప్పిచ్చాడు.

డాక్టరుగారు ముందు యంత్రాన్ని తలకు పట్టీతో కట్టి వినిపించారు. ఆశతోపాటు హెచ్చరికలూ చెప్పారు. మర సాధారణంగా నిలుస్తుంది, అరుదుగా ఊడుతుంది. చుట్టూ చర్మం ఎర్రబడి తడి రావడం తరచుగా కనిపించే చిక్కు, రోజూ శుభ్రం చేసుకోవాలి. గుంపులో మాట పట్టుకోవడం కష్టమే. శబ్దం ఏ పక్కనుంచి వచ్చిందో పోల్చుకోవడమూ కష్టమే.

మందుతో తిమ్మిరెక్కించి గంటలోపే మర బిగించారు. అది ఎముకలో కుదురుకునేందుకు మూడు నెలలు ఆగాను. ఒకసారి చర్మం చీము పట్టి పక్షంరోజులు మందు రాసుకున్నాను. యంత్రం తగిలించిన రోజున దుకాణంలో గాజుల గలగల విని కళ్ళు తుడుచుకున్నాను. చెవులు పొడిగా ఉన్నాయి. గ్రాఫు చూసి డాక్టరుగారు సంతోషించారు.

ఇంట్లో మాత్రం సంగతి వేరు. మా ఆవిడ ఎప్పటిలాగే “అన్నం!” “తాళం!” “సిలిండర్!” అని అరిచి ఊరుకునేది. ఆమె తప్పేముంది? ఇన్నేళ్ళూ పక్కింటి ముచ్చట నాకు అరిచి చెబితే ముందు పక్కింటికే వినబడేది. మనిషి మనిషితో చెప్పుకునే మాటల్లో సగం అరిచి చెప్పదగ్గవి కావు. అవన్నీ ఆమె ఏనాడో మానేసింది. నేను మళ్ళీ అడిగితే “ఏం లేదు” అనేది. చెవిటివాడు జీవితంలో ఎక్కువసార్లు వినే మాట అదే.

మొన్న రాత్రి యంత్రం తీసి డబ్బాలో పెట్టి పడుకోబోతున్నాను. దీపం వెలుగులో ఆమె పెదవులు కదిలాయి. లేచి, డబ్బా తీసి, యంత్రాన్ని తగిలించుకున్నాను.

“ఏమన్నావ్?”

“ఏం లేదు.”

“చెప్పు. ఇప్పుడు వినిపిస్తోంది.”

ఆమె కాసేపు నా ముఖంలోకి చూసింది. గొంతు తగ్గించి, “మీర్ ఆలం మండిలో చిక్కుడుకాయ మస్తు పిరమైందన్నా, అంతే. ఇంటున్నరా?” అంది.

“ఇంటున్నా” అన్నాను.

చిక్కుడుకాయ దగ్గర మొదలై, ఆ రాత్రి రెండు గంటలదాకా చెప్పింది.