ఇంటి దొంగ

'ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు' అన్నారు మన పెద్దలు. కంప్యూటరు విషయంలో ఆ ఇంటి దొంగ స్థానం నాకే దక్కుతుందని ఏనాడూ ఊహించలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేస్తూ, యంత్రాల రక్షణనే వృత్తిగా చేసుకున్నవాడిని. నా అనుభవం సహోద్యోగులకూ, వారి కుటుంబాలకూ కొంతైనా ఉపకరించగలదన్న ఆశతో, బిడియాన్ని కాస్త పక్కన పెట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

వైరస్‌లతో నా పరిచయం ఫ్లాపీల నాటిది. 1992 మార్చి 6న 'మైకెలాంజిలో' అనే వైరస్ విజృంభిస్తుందని పత్రికలు హెచ్చరించగా, ఆ రోజు మా కళాశాల కంప్యూటరు గదికి తాళం వేశారు. ఉద్యోగంలో చేరిన తరువాత కూడా, బయటి ఫ్లాపీని పరీక్షించకుండా డ్రైవులో పెట్టినవారికి మా పై అధికారి చీవాట్లు తప్పేవి కావు. పర్సనల్ కంప్యూటర్లలో వ్యాపించిన తొలి వైరస్‌లలో ఒకటిగా పేరుబడ్డ 'బ్రెయిన్' 1986లో లాహోరులోని ఇద్దరు సోదరుల చేతిలో పుట్టింది. తమ సాఫ్ట్‌వేరుకు దొంగ నకళ్లు తీసేవారిని అరికట్టడానికే దానిని రాశామని వారు చెప్పుకొన్నారు. అందులో తమ చిరునామాను, ఫోను నంబర్లను సైతం పొందుపరచారు. ఆ దొంగ నకళ్ల వ్యవహారమే మూడు దశాబ్దాల తరువాత మా ఇంటి గడప తొక్కింది.

అది 2019 వేసవి. మా అమ్మాయికి చదువు నిమిత్తం ఒక డ్రాయింగు సాఫ్ట్‌వేరు అవసరమైంది. దాని వెల చూచి గుండె గుభేలుమన్నది. ఇంటర్నెట్‌లో వెతకగా అదే సాఫ్ట్‌వేరు ఉచితంగా లభించింది. "స్థాపించేటప్పుడు యాంటీవైరస్‌ను ఆపివేయండి" అని దానితో పాటు ఒక సూచన ఉన్నది. తెరపై ఎర్రని హెచ్చరిక రెండుసార్లు కనిపించింది. రెండుసార్లూ దానిని తోసిపుచ్చి, యాంటీవైరస్‌ను నా చేతులతో నేనే ఆపివేశాను.

సాయంత్రానికి ఒక్క ఫైలు కూడా తెరుచుకోలేదు. ప్రతి ఫైలు పేరు చివరా అర్థంకాని అక్షరాలు తోకలా చేరాయి. డాలర్లు చెల్లిస్తే తాళంచెవి ఇస్తామంటూ ఒక చీటీ మాత్రం చక్కగా తెరుచుకొన్నది.

జీతం కాగితాలు, ఇంటి లెక్కలు పోయినా నేను బాధపడను. 2017లో మా అమ్మ కాలం చేసింది. అంతకు ముందు రెండేళ్లపాటు, సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడల్లా ఆమె పాడే మంగళహారతులను, లాలిపాటలను, పెళ్లిపాటలను ఫోనులో రికార్డు చేసి ఈ కంప్యూటరులో దాచాను. మొత్తం నలభై మూడు. అవన్నీ తోకలు తగిలించుకొని మూగబోయాయి.

నా శ్రీమతి చాలాసేపు మౌనంగా ఉండి, చివరకు ఒకే ఒక ప్రశ్న వేసింది: "ఏమండీ, మీ ప్లాంటులో అలారం మోగితే ఇలాగే నొక్కేస్తారా?"

నా వద్ద సమాధానం లేదు. ప్లాంటులో ఒక ఇంటర్‌లాక్‌ను బైపాస్ చేయాలంటే కారణం రాయాలి, అధికారి సంతకం కావాలి, తిరిగి యథాస్థితికి తెచ్చిన సమయం లాగ్ బుక్కులో నమోదు కావాలి. ఇన్నేళ్లలో ఆ నియమాన్ని నేను ఒక్కసారైనా మీరలేదు. ఇంట్లో మాత్రం ఉచితంగా వస్తున్న సరుకు కోసం క్షణంలో మీరాను.

డబ్బు చెల్లించలేదు. చెల్లించినా ఫైళ్లు తిరిగి వస్తాయన్న భరోసా లేదు. యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు తదితరులు కలసి 2016లో ప్రారంభించిన 'నో మోర్ రాన్సమ్' పథకం అనేక రకాల తాళాలకు ఉచితంగా చెవులు అందిస్తుంది. అందులో వెతికాను. మా తాళానికి సరిపడేది లేదు.

తరువాత కంప్యూటరును పూర్తిగా శుభ్రపరచి, మంచి యాంటీవైరస్ కొనాలని బయలుదేరాను. సలహాలకు కొదవ లేదు. పుణెలో పుట్టిన క్విక్ హీల్ కొనమని ఒకరు, చెన్నైలో పుట్టిన కె7 మేలని మరొకరు, విదేశీ సాఫ్ట్‌వేరే శ్రేష్ఠమని ఇంకొకరు. ఎవరి అనుభవం వారిది. నేను మాత్రం ప్రకటనలను నమ్మక, జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారెటివ్స్ అనే స్వతంత్ర పరీక్షాసంస్థల ఫలితాలను చదివాను. ఒక యాంటీవైరస్ ఎన్ని వైరస్‌లను పట్టిందన్నది ఒక్కటే చాలదు. నిర్దోషులను ఎన్నిసార్లు దొంగలన్నది, కంప్యూటరును ఎంత మందగింపజేసింది అన్నవి కూడా చూడాలి. తొలి ఏడాది ధరతో పాటు రెండవ ఏడాది పునరుద్ధరణ ధరను కూడా అడిగి తెలుసుకోవాలి. రెండు యాంటీవైరస్‌లను ఒకేసారి నడపడం తగదు. అవి ఒకదానినొకటి అనుమానించుకొని కంప్యూటరును కుంటుపరుస్తాయి.

ఇంత పరిశోధన తరువాత నేను ఏమీ కొనలేదంటే నవ్వుకోకండి. విండోస్‌తో పాటే వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ సాధారణ గృహావసరాలకు చాలునని నిశ్చయించుకొన్నాను. ఎంపిక చేసిన ఫోల్డర్లలోని ఫైళ్లను అపరిచిత ప్రోగ్రాములు మార్చనివ్వని సదుపాయం అందులోనే ఉన్నది. దానిని మనమే వెతికి ఆన్ చేసుకోవాలి. మిగిలిన డబ్బుతో ఒక బయటి హార్డ్ డిస్కు కొన్నాను. ప్రతి ఆదివారం ముఖ్యమైన ఫైళ్లకు ప్రతులు తీసి, డిస్కును వెంటనే విడదీసి బీరువాలో పెడతాను. తగిలించి ఉంచితే దానికీ అదే గతి పడుతుంది. రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ ఖాతా వాడటం మానివేశాను.

యాంటీవైరస్ ఎంత మంచిదైనా గోడకు కన్నం ఉంటే కాపలా వ్యర్థం. 2017 మే నెలలో 'వన్నాక్రై' ప్రపంచాన్ని గడగడలాడించింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలో విడుదల చేసింది. చేసుకోనివారే ఎక్కువగా నష్టపోయారు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసినది గనుక, అది ఇంకా వాడుతున్నవారు కొత్త యాంటీవైరస్ కన్నా ముందు ఆ సంగతి ఆలోచించడం మంచిది. వైరస్ సోకిందన్న అనుమానం ఉంటే, సెర్ట్-ఇన్ నిర్వహణలో 2017లో ప్రారంభమైన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉచిత సాధనాలను అందిస్తున్నది. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి.

మా ఇంట్లో ఇప్పుడు ఒక నియమం అమలులో ఉన్నది. అది మా అమ్మాయి పెట్టినది. యాంటీవైరస్‌ను ఆపవలసి వస్తే కారణం నోటు పుస్తకంలో రాసి, ఇంట్లో ఇంకొకరి సంతకం తీసుకోవాలి. ఆ పుస్తకం నేటికీ ఖాళీగానే ఉన్నది.

రాజమహేంద్రవరంలో ఉన్న మా చెల్లెలికి అమ్మ సంవత్సరీకం నాడు ఒక పెన్ డ్రైవులో పదకొండు పాటలు ఎక్కించి ఇచ్చిన సంగతి నేను పూర్తిగా మరచిపోయాను. జరిగినది విని, మరునాడే బయలుదేరి ఆమె స్వయంగా తెచ్చి ఇచ్చింది. "అన్నయ్యా, మిగతావి నాకు కొంచెం కొంచెం గుర్తున్నాయి, పాడనా?" అన్నది. పాడింది. రికార్డు చేశాను. గొంతు అమ్మది కాదు. అయినా పాట నిలిచింది.

ఆదివారం డిస్కు తగిలించినప్పుడల్లా ఆ పదకొండింటిలో ఒకటి వింటాము. ఏ కంపెనీ యాంటీవైరస్ మంచిదని అడిగే మిత్రులకు నేను చెప్పేది ఇంతే. ఏదైనా ఒక మంచిదాన్ని ఎన్నుకోండి, అది హెచ్చరించినప్పుడు వినండి. బయటి దొంగను అది పట్టగలదు. తలుపు తీసే ఇంటి దొంగను మాత్రం మనమే పట్టుకోవాలి.